హాల్లో నేల పగలగొడుతున్నారు, నాలుగడుగుల చేపల తొట్టిని ఎలా జరపాలి?

గులకరాయి (పెరంబూరు, చెన్నై) · ఏప్రిల్ 23, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎప్పుడూ చదివేదాన్నే, రాయడం ఇదే మొదటిసారి. మా హాల్లో పాత మొజాయిక్ తీసేసి వెట్రిఫైడ్ టైల్స్ వేయిస్తున్నాం. తర్వాత గోడలకి పుట్టీ, రంగులు. ఆదివారం మొదలుపెట్టి పన్నెండు రోజుల్లో ముగిస్తానని మేస్త్రి మాట.

నా బెంగంతా చేపల తొట్టి గురించి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఇనుప స్టాండు, దాని కింద కానిస్టర్ ఫిల్టర్ (మూత బిగించే డబ్బాలాంటిది, తొట్టి నీళ్లు గొట్టాల్లో దాని గుండా తిరుగుతాయి). నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, అద్దానికి నోటితో అంటుకునే సక్కర్ చేప, అడుగు పొడవుది, ఒకటి ఉన్నాయి. ఇది మా మామయ్యగారు పెట్టిన తొట్టి. గోల్డ్‌ఫిష్‌ల్లో పెద్దవి రెండూ ఎనిమిదేళ్ల నుంచి ఉన్నాయి. ఆయనకి మోకాలి ఆపరేషన్ అయ్యాక నీళ్లు మార్చే పని నాకు వచ్చింది. వీటికి ఏమైనా అయితే ఆయనకి ముఖం చూపించలేను. చాలా టెన్షన్‌గా ఉంది.

నేను అనుకున్నది ఇదీ: శనివారం సాయంత్రం చేపల్ని బకెట్లలో వేసి, తొట్టిలో సగం నీళ్లు తీసేసి, నలుగురు మనుషులతో వెనక బెడ్‌రూమ్‌లోకి నెట్టించి, కొత్త నీళ్లు నింపి చేపల్ని మళ్లీ వదలడం. తప్పేమైనా ఉంటే చెప్పండి.

తూనీగ (షోళింగనల్లూరు) · ఏప్రిల్ 23, రాత్రి 10:14

అక్కా, కంగారు పడకండి. పోయిన వారమే నా రెండడుగుల ట్యాంకుని రాళ్లతో, పావువంతు నీళ్లతో సహా ట్రాలీ మీద పెట్టి పక్క గదిలోకి జరిపాను. గప్పీ చేపలు లోపలే ఉన్నాయి. పది నిమిషాల పని. ఏమీ కాలేదు.

కొళత్తూరు సందు · ఏప్రిల్ 23, రాత్రి 10:41

తమ్ముడూ, నీ రెండడుగుల ట్యాంకుకీ వీళ్ల ట్యాంకుకీ పోలిక లేదు. నీది కూడా అలా జరపకుండా ఉండాల్సింది.

గులకరాయి గారూ, ఒకసారి లెక్క చూడండి. 120 సెం.మీ. పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు అంటే అంచు దాకా 243 లీటర్లు. మీరు కాస్త తక్కువ పోస్తారు కాబట్టి 220 అనుకుందాం. లీటరు నీళ్లు కిలో. 10 మి.మీ. అద్దం చదరపు మీటరుకి 25 కిలోలు ఉంటుంది, ఈ సైజుకి అద్దాలన్నీ కలిపి 50 కిలోలు. రాళ్లు 30 కిలోలైనా ఉంటాయి. సగం నీళ్లు తీసేశాక కూడా మీరు నెట్టబోయేది 190 కిలోలు, స్టాండు కాకుండా. మొజాయిక్ పగులులో స్టాండు కాలు ఒక్కటి ఇరుక్కుంటే చాలు, లోపల నీళ్లు ఊగి బరువంతా ఒక మూలకి వస్తుంది. అద్దాల్ని పట్టి ఉంచేది సిలికాన్ అతుకొక్కటే. కదలకుండా నిలబడ్డ నీళ్లని అది ఏళ్ల తరబడి మోస్తుంది, మెలితిప్పితే మాత్రం ఓర్చుకోదు. అప్పటికప్పుడు కారకపోవచ్చు. పది రోజుల తర్వాత, ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నప్పుడు కారుతుంది.

చివరి రాయి దాకా తీసేసి ఖాళీ ట్యాంకునే ఎత్తాలి. పై అంచు పట్టుకుని లేపకూడదు. ముగ్గురు అడుగున చేతులు పెట్టి ఒకేసారి లేపాలి. దించేచోట నేల సమంగా ఉండాలి, కింద థర్మకోల్ పరచాలి.

అయితే నా అసలు భయం అద్దం గురించి కాదు. మీరు జరపాలనుకున్న పద్ధతిలో ఫిల్టర్ మాటే లేదు. దాన్ని ఏం చేద్దామనుకున్నారు?

గులకరాయి · ఏప్రిల్ 23, రాత్రి 10:52

ఆపేసి, కుళాయి కింద శుభ్రంగా కడిగి, పని అయ్యాక బిగిద్దామనుకున్నాను అన్నా. లోపలంతా బురద పట్టి ఉంది.

నీలిరెక్క (అణ్ణానగర్) · ఏప్రిల్ 23, రాత్రి 11:20

అలా చేయొద్దండి. మీ చేపలు బతుకుతున్నది ఆ బురద వల్లే.

నేను కెమిస్ట్రీ చెప్పే టీచర్ని, కాస్త పాఠంలా ఉంటే ఏమీ అనుకోకండి. చేప మొప్పల నుంచి, మలం నుంచి అమోనియా వస్తూనే ఉంటుంది. అది చేపకి విషం. ఫిల్టర్‌లోని స్పాంజి, రింగుల మీద పట్టి ఉన్న బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ కొంత ఉన్నా చేప తట్టుకుంటుంది, వారానికోసారి నీళ్లు మార్చి దాన్ని తీసేస్తాం. ఈ బ్యాక్టీరియా కొత్తగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ దాన్ని చంపేయగలదు.

ఫిల్టర్‌ని కడగకుండా ఆపేసి మూల పెట్టినా ప్రమాదమే. ఆ బ్యాక్టీరియాకి ఆక్సిజన్ కావాలి. మూత బిగించిన కానిస్టర్‌లో నీటి ప్రవాహం ఆగితే కొన్ని గంటల్లోనే లోపలి ఆక్సిజన్ అయిపోతుంది, కుళ్లడం మొదలవుతుంది. రెండు రోజుల తర్వాత అలాగే స్విచ్ వేస్తే ఆ కుళ్లిన నీళ్లు నేరుగా చేపల మీదికి వస్తాయి.

అంటే మీ ఇంట్లో జరపాల్సినవి ఐదు చేపలు, ఒక అద్దం పెట్టె మాత్రమే కాదు. కంటికి కనిపించని ఈ పంటని కూడా ప్రాణంతో జరపాలి.

కొళత్తూరు సందు · ఏప్రిల్ 24, ఉదయం 6:30

టీచర్ గారు చెప్పాల్సింది చెప్పేశారు. నేను 22 ఏళ్లుగా పెంచుతున్నాను, మా ఇంటి చుట్టూ రంగుచేపల దుకాణాలే. సామాను మార్చాల్సి వచ్చి చేపలు పోగొట్టుకున్నవాళ్లు మా వీధికి వస్తూనే ఉంటారు. అందరిదీ ఒకటే మాట, "జరిపిన రోజు బాగానే ఉన్నాయి, నాలుగో రోజు పోయాయి" అని.

మేస్త్రిని రెండు వారాలు ఆపగలరా? ఆపగలిగితే ఈ రోజే రెండు స్పాంజి ఫిల్టర్లు కొని, ఎయిర్ పంపు తగిలించి తొట్టిలో వేసేయండి. కానిస్టర్‌తో పాటు అవీ నడుస్తాయి. ఒకసారి కానిస్టర్ తెరిచి, లోపలి స్పాంజిని తొట్టి నీళ్లలోనే పిండి, ఆ గోధుమరంగు రసం కొత్త స్పాంజిల మీద పోయండి. రెండు వారాల్లో వాటికి పట్టు వస్తుంది. జరిపే రోజున చేపలతో పాటు ఒక్కో టబ్బులో ఒక్కో స్పాంజి పెట్టొచ్చు.

కానిస్టర్‌ని కూడా ఆపకండి, తీసుకెళ్లి టబ్బుకే తగిలించండి. చిన్న టబ్బుకి ప్రవాహం ఎక్కువవుతుంది కాబట్టి నీళ్లు వచ్చే గొట్టాన్ని టబ్బు గోడ వైపు తిప్పండి.

ఇక బకెట్లు. గోల్డ్‌ఫిష్ తిండి ఎక్కువ, వ్యర్థం ఎక్కువ. పన్నెండు రోజులన్న మేస్త్రి ఇరవైకి ముగిస్తే అదృష్టం. ఇరవై రోజులు బకెట్‌లో ఉండలేవు. 100 లీటర్ల కొత్త టబ్బులు మూడు కొనండి. గోల్డ్‌ఫిష్‌లకి రెండు, సక్కర్‌కి ఒకటి. ఇరుకులో పెడితే సక్కర్ గోల్డ్‌ఫిష్‌ల ఒంటి జిగురుని పీకుతుంది, అందుకే వేరు. ఒక్క మాట గుర్తుంచుకోండి, సెకండ్‌హ్యాండ్ నీలం డ్రమ్ములు మాత్రం వద్దు. అందులో అంతకుముందు ఏ రసాయనం ఉండేదో అమ్మేవాడికే తెలియదు.

గులకరాయి · ఏప్రిల్ 24, రాత్రి 8:05

మా ఆయన మేస్త్రితో మాట్లాడారు. అతనికీ విల్లివాక్కంలో వేరే సైటు ఉందట, మే 8న వస్తానన్నాడు. స్పాంజి ఫిల్టర్లు కొళత్తూరులోనే తెచ్చాం, ఇప్పుడే తొట్టిలో పెట్టాను. అమోనియా, నైట్రైట్, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం) చూసే చుక్కల టెస్ట్ కిట్లు కూడా తెచ్చాను. మామయ్యగారు కుర్చీ తెప్పించుకుని పక్కనే కూర్చుని స్పాంజి పిండడం చూశారు. "ఇన్నేళ్లు నేనూ తొట్టి నీళ్లతోనే కడిగేవాణ్ని, ఎందుకో మాత్రం తెలియదు, అలా చేస్తే చేపలు బాగుండేవి" అన్నారు.

ఇంకో సందేహం. రంగులు మాత్రమే అయితే తొట్టిని కదపకుండా కప్పేస్తే సరిపోతుందా? మా చెల్లెలి ఇంట్లో కూడా చిన్న తొట్టి ఉంది, వాళ్లు రంగులు వేయించబోతున్నారు.

రసమట్టం (అంబత్తూరు) · ఏప్రిల్ 25, మధ్యాహ్నం 1:15

నాది ఒంగోలు, ఇక్కడ సైట్ ఇంజినీర్‌గా పని. ఇంట్లో రెండు తొట్లు ఉన్నాయి, కాబట్టి రెండు వైపులా చెప్పగలను.

నీళ్లతో కలిపే ఎమల్షన్ రంగు అయితే తొట్టిని కప్పి ఉంచొచ్చు. పైన పాలిథిన్ షీటు వేయాలి, కానీ ఊపిరాడకుండా బిగించకూడదు. ముఖ్యమైంది ఎయిర్ పంపు. అది గదిలో గాలిని పీల్చి నేరుగా నీళ్లలోకి కొడుతుంది, గదిలో ఏ వాసన ఉంటే అది చేపల దగ్గరికి చేరుతుంది. పంపుని బాల్కనీలోనో వేరే గదిలోనో పెట్టి పొడవాటి గొట్టంతో తీసుకురండి. పంపు నీటి మట్టం కంటే కింద ఉంటే నాన్‌రిటర్న్ వాల్వ్ తప్పనిసరి, లేదంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనక్కి వచ్చేస్తాయి. థిన్నర్ కలిపే ఎనామెల్, చెక్క పాలిష్ ఉంటే ఆ గదిలో చేపల్ని ఉంచనే వద్దు.

మీ హాల్లో పని అంతకంటే మొరటుది. మొజాయిక్ పగలగొడితే వచ్చే దుమ్ములో సిమెంటు, సున్నం ఉంటాయి. గోడ పుట్టీ తెల్ల సిమెంటుతో చేసింది. ఇవన్నీ క్షారం. కొంచెం నీళ్లలో పడినా పీహెచ్ పైకి లాగుతాయి. గ్రైండర్‌తో టైల్ కోస్తుంటే ఆ పొడి తలుపు మూసినా కింద సందులోంచి వస్తుంది. బెడ్‌రూమ్ తలుపు కింద తడి గుడ్డ తోసి ఉంచండి. టైల్స్ వేశాక సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్‌తో కడుగుతారు. ఆ రోజు ఏ రోజో మేస్త్రిని ముందే అడగండి.

మడిపాక్కం మేడ · ఏప్రిల్ 26, రాత్రి 9:30

నేను రెండేళ్ల క్రితం చేసిన పొరపాటు ఇక్కడ రాస్తే ఒకరికైనా పనికొస్తుంది.

మా ఇంట్లో వంటగది పని జరిగినప్పుడు నా ఆరు ఏంజెల్ చేపల్ని టబ్బులో పెట్టాను. అన్నీ జాగ్రత్తగానే చేశాను. నాలుగో రోజు టబ్బులో సగం నీళ్లు మార్చాను, మామూలుగా వాడే ట్యాపు నుంచే. గంటలో అన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచాయి, సాయంత్రానికి ఐదు పోయాయి. తర్వాత తెలిసింది, ఆ ఉదయమే అపార్ట్‌మెంట్ సంపు కడిగి బ్లీచింగ్ పౌడర్ వేశారు. నోటీసు లిఫ్ట్ దగ్గర అంటించారు. వంటగది గొడవలో నేను లిఫ్ట్ వైపు చూడనే లేదు.

అప్పటి నుంచి నీళ్లని ముందు రోజే వేరే డ్రమ్ములో పట్టి, గాలి పెట్టి, క్లోరిన్ పోగొట్టే చుక్కలు వేసి, వాసన చూశాకే చేపలకి పోస్తున్నాను. పని జరిగే రోజుల్లో వాచ్‌మన్‌ని కూడా అడుగుతాను. ఆరో ఏంజెల్ ఇప్పటికీ ఉంది.

నీలిరెక్క · ఏప్రిల్ 26, రాత్రి 10:10

అయ్యో. ఇది రాసినందుకు చాలా థాంక్స్ అండీ.

మన ఊళ్లో ఇంకో సంగతి కూడా ఉంది. మెట్రో వాటర్ (మన చెన్నై కుళాయి నీళ్లు) ఎప్పుడూ ఒకే చోటు నుంచి రాదు. పూండి, పుళల్, చెంబరంబాక్కం చెరువుల నీళ్లు, వీరాణం నీళ్లు, మింజూరు, నెమ్మేలిలో సముద్రపు నీటిని శుద్ధి చేసి పంపేవి. పూండికి కండలేరు నుంచి తెలుగు గంగ కాలువలో వచ్చే కృష్ణ నీళ్లు చేరతాయి. మీ వీధిలో ఈ నెల వచ్చిన నీళ్లకీ వచ్చే నెల వచ్చే నీళ్లకీ గుణం మారొచ్చు. లారీ నీళ్లయితే ఏ బోరువో కూడా తెలియదు. పెద్ద తొట్టిలో ఈ తేడా తెలియకుండా గడిచిపోతుంది. 80 లీటర్ల టబ్బులో సగం మార్చితే చేపకి వెంటనే తగులుతుంది. కాబట్టి పట్టిన ప్రతిసారీ పీహెచ్ చూడండి.

గులకరాయి · మే 8, రాత్రి 10:35

ఈ రోజు జరిపాం. ఒళ్లంతా నొప్పులు, కానీ అయింది.

నిన్నటి నుంచి మేత పెట్టలేదు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టాం. ముందు పైనున్న తేట నీళ్లు గొట్టంతో మూడు టబ్బుల్లోకి తీశాం, ఒక్కోదానిలో 60 లీటర్లు. గోల్డ్‌ఫిష్‌ల్ని రెండు చేతులా గిన్నెతో నీళ్లతో సహా ఎత్తాను. సక్కర్‌కి వల వాడొద్దని, రెక్కల ముళ్లు వలలో చిక్కుకుంటాయని సందు అన్న మెసేజ్ చేశారు. ఒక ప్లాస్టిక్ డబ్బా దాని ముందు పెట్టి వెనక నుంచి మెల్లగా తోలితే తనే వెళ్లింది. స్పాంజిలు గోల్డ్‌ఫిష్‌ల టబ్బుల్లో, కానిస్టర్ సక్కర్ టబ్బుకి. కానిస్టర్ ఆగి ఉన్నది మొత్తం పన్నెండు నిమిషాలు.

తర్వాత రాళ్లు తీశాం. అప్పుడు వచ్చిన వాసన! అడుగున నల్లగా, కుళ్లిన గుడ్ల కంపు. రాళ్లని కదిపేటప్పుడు చేపలు అందులో లేకపోవడం ఎంత మంచిదైందో. రాళ్లని పాత నీళ్లలోనే నాలుగుసార్లు జాడించి, తడిగా గుడ్డ కప్పి పెట్టాను. ఖాళీ తొట్టిని ముగ్గురు ఎత్తి బెడ్‌రూమ్‌లో మంచం పక్కన థర్మకోల్ మీద పెట్టారు.

టబ్బుల మీద దోమతెర కట్టాను. మామయ్యగారు రాత్రి అక్కడే పడుకుంటానంటున్నారు.

కొళత్తూరు సందు · మే 8, రాత్రి 11:02

చాలా బాగా చేశారమ్మా. ఆ కంపు హైడ్రోజన్ సల్ఫైడ్. మందంగా పరిచిన రాళ్ల అడుగున గాలి తగలనిచోట పుడుతుంది. తిరిగి పెట్టేటప్పుడు రెండంగుళాల కంటే మందం వద్దు.

రేపటి నుంచి రోజూ అమోనియా చూడండి. మేత రెండు రోజులకోసారి, చిటికెడు. పెద్ద గోల్డ్‌ఫిష్ వారం తినకపోయినా ఏమీ కాదు. ఎండలు ముదిరాయి, టబ్బుల్ని కిటికీకి దూరంగా ఉంచండి. కొద్ది నీళ్లు తొందరగా వేడెక్కుతాయి, వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. 25 డిగ్రీల్లో లీటరుకి 8.3 మిల్లీగ్రాముల దాకా పడితే, 30 డిగ్రీల్లో 7.6 మాత్రమే.

గులకరాయి · మే 10, ఉదయం 7:40

అమోనియా మొదటి టబ్బులో లీటరుకి 0.25 మిల్లీగ్రాములు, రెండోదాంట్లో 0.5. సక్కర్ టబ్బులో సున్నా. పీహెచ్ 8. భయపడాలా?

నీలిరెక్క · మే 10, ఉదయం 8:15

రెండో టబ్బులో ఇప్పుడే 40 శాతం మార్చండి, నిలవ ఉంచిన నీళ్లతో. మీకు పీహెచ్ 8 కాబట్టి తొందరపెడుతున్నాను. కిట్ చూపించేది మొత్తం అమోనియా. అందులో విషపు రూపం ఎంత అన్నది పీహెచ్‌ని బట్టి, వేడిని బట్టి ఉంటుంది. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 అయితే విషపు వంతు నూటికి ఒకటి కూడా ఉండదు. 8 అయితే ఏడు దాటుతుంది. అంకె అదే, ప్రమాదం దాదాపు తొమ్మిది రెట్లు.

ఇది చదివే మిగతావాళ్లకి కూడా ఒక మాట. ఏళ్ల తరబడి నీళ్లు సరిగా మార్చని తొట్లలో పీహెచ్ మెల్లగా 6 దగ్గరికి పడిపోతుంది. అక్కడ అమోనియా పేరుకున్నా చేప బతుకుతుంది, ఎందుకంటే అది దాదాపు అంతా అంతగా హాని చేయని అమోనియమ్ రూపంలో ఉంటుంది. ఇల్లు బాగుచేయించే వంకతో ఒక్కసారిగా కొత్త బోరు నీళ్లు నింపితే పీహెచ్ 8కి ఎగురుతుంది, అదే అమోనియా అరగంటలో విషం అవుతుంది. "కొత్త నీళ్లు పోశాం, చచ్చిపోయాయి" అని జనం అనేవాటిలో చాలా ఇవే. అలాంటి తొట్టి అయితే జరపడానికి నెల ముందు నుంచి కొద్దికొద్దిగా మార్చుకుంటూ రావాలి.

గులకరాయి · మే 12, రాత్రి 9:20

ఒక గోల్డ్‌ఫిష్ పోయింది. చిన్నవాటిలో నారింజ రంగుది.

నిన్న మధ్యాహ్నం నేను బ్యాంకుకి వెళ్లాను. ఎలక్ట్రీషియన్ హాల్లో వైరింగ్ కోసం మెయిన్ ఆపేశాడు. మా ఇన్వర్టర్ లైను బెడ్‌రూమ్ ఫ్యాన్, లైటుకే ఉంది, ప్లగ్గులకి లేదు. మామయ్యగారు భోజనం చేసి పైన మా ఆడపడుచు గదిలో నిద్రపోయారు. ఎవరో దుమ్ము పడకూడదని మంచి ఉద్దేశంతోనే దోమతెరల మీద ప్లైవుడ్ పలకలు కప్పారు. నాలుగు గంటలు గాలి లేదు. నేను వచ్చేసరికి ఒక టబ్బులోని గోల్డ్‌ఫిష్‌లు రెండూ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. పెద్దది తేరుకుంది. చిన్నది రాత్రి పోయింది.

సక్కర్ టబ్బుకి కానిస్టర్ ఆగినా అది బాగానే ఉంది. కానిస్టర్‌ని నేను వెంటనే స్విచ్ వేయకుండా, తెరిచి లోపలి నీళ్లు పారబోసి, తొట్టి నీళ్లతో జాడించి పెట్టాను. అది మీరంతా చెప్పినందువల్లే గుర్తొచ్చింది.

మామయ్యగారు ఏమీ అనలేదు. అదే నాకు కష్టంగా ఉంది.

కొళత్తూరు సందు · మే 12, రాత్రి 9:45

అమ్మా, సక్కర్ నీటి పైకి వచ్చి గాలి మింగగలదు, అందుకే తట్టుకుంది. గోల్డ్‌ఫిష్ అలా ఎక్కువసేపు తట్టుకోలేదు. ఇది మేము ముందే చెప్పాల్సింది. మెయిన్ ఆపుతారన్న సంగతి నా తలకి తట్టలేదు, ఆ తప్పు నాది కూడా. బ్యాటరీ ఎయిర్ పంపులు రెండు రేపు పొద్దున నా దగ్గర నుంచి తీసుకెళ్లండి. కొనొద్దు, పని అయ్యాక తిరిగి ఇద్దురు.

మడిపాక్కం మేడ · మే 12, రాత్రి 10:00

గులకరాయి గారూ, నాకు ఐదు పోయిన రాత్రి నేనూ నిద్రపోలేదు. మిగిలిన మూడింటికీ ఇప్పుడు మీరే కావాలి. టబ్బు మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించండి, తమిళంలో: "లోపల చేపలున్నాయి, మూయొద్దు, కరెంటు ఆపే ముందు చెప్పండి" అని. పనివాళ్లు చదువుతారు, చదివితే పట్టించుకుంటారు.

గులకరాయి · మే 15, ఉదయం 9:05

అర్జెంట్. తలుపు చట్రాలకి చెద ఉందని వడ్రంగి రేపు చెదల మందు కొడతానంటున్నాడు. బెడ్‌రూమ్ చట్రానికి కూడా. టబ్బుల మీద పాలిథిన్ కప్పితే సరిపోతుందా?

నీలిరెక్క · మే 15, ఉదయం 9:11

సరిపోదు. డబ్బా మీద రాసిన మందు పేరు చూడండి. బైఫెంత్రిన్, పర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్లు మనుషులకంటే చేపలకి ఎన్నో రెట్లు విషం. నీళ్లలో కణమంత పడ్డా చాలు. ఈ రోజే చేపల్ని ఆ ఇంటి నుంచి బయటికి తీయండి.

గులకరాయి · మే 15, ఉదయం 9:20

బైఫెంత్రిన్ అనే ఉంది. పై అంతస్తు ఆంటీని అడుగుతాను.

గులకరాయి · మే 15, సాయంత్రం 6:40

ఆంటీ వాళ్ల పూజగది పక్కన ఖాళీ గది ఇచ్చారు. నీళ్ల టబ్బులు మెట్లెక్కించలేం కదా. చేపల దుకాణంలో థర్మకోల్ పెట్టెలు అడిగితే ఉచితంగానే ఇచ్చారు. ఒక్కో పెట్టెలో మూడోవంతు టబ్బు నీళ్లు, ఒక చేప, మూత, బ్యాటరీ పంపు. మూత వేస్తే చీకట్లో అవి కదలకుండా ఉన్నాయి. స్పాంజిల్ని టబ్బు నీళ్ల బకెట్‌లో ముంచి తెచ్చాం. అన్నీ పైన సర్దేసరికి మూడు గంటలు. మూడు గోల్డ్‌ఫిష్‌లూ, సక్కరూ బాగున్నాయి.

ఖాళీ తొట్టి ఇంకా మా బెడ్‌రూమ్‌లోనే ఉంది, దాన్ని ఏం చేయాలి?

రసమట్టం · మే 15, రాత్రి 7:30

తొట్టిని కూడా బయటికి తీయండి. రాళ్ల బకెట్లూ, వలలూ, గొట్టాలూ అన్నీ. మందు కొట్టిన చేతులతో ఎవరూ వాటిని ముట్టుకోకూడదు.

గులకరాయి · మే 18, రాత్రి 8:50

తీయించాం, ఆంటీ వాళ్ల గదిలోనే నిలబెట్టాం. ఇంకొకటి అడగాలి. సక్కర్ మరీ పెద్దదైంది, తెచ్చివ్వు, రెట్టేరి చెరువులో వదిలేస్తానని మేస్త్రి అంటున్నాడు. ఒకరకంగా దానికి స్వేచ్ఛే కదా అని మా ఆయన కూడా అంటున్నారు.

చెరువుగట్టు (నెల్లూరు) · మే 18, రాత్రి 9:15

దయచేసి వదలొద్దండి. మా వైపు జాలర్లు దీన్ని డెవిల్ ఫిష్ అంటారు. ముళ్లతో వలలు చింపేస్తుంది, గట్టుల్లో బొరియలు చేస్తుంది, మన చేపల గుడ్లు తింటుంది. ఇది దక్షిణ అమెరికా చేప, ఇక్కడ దాన్ని తినే జీవి దాదాపు లేదు. ఎవరో ఒకరి ఇంటి తొట్టిలోంచి వచ్చినవే ఈ రోజు మా చెరువుల్లో ఉన్నాయి. పెంచలేకపోతే దుకాణంలో ఇచ్చేయండి.

గులకరాయి · మే 18, రాత్రి 9:30

ఇవ్వను, వదలను. మామయ్యగారు దాన్ని "తాతా" అని పిలుస్తారు.

తూనీగ · మే 20, రాత్రి 11:10

అందరికీ ఒక మాట చెప్పాలి. నా ట్యాంకు అడుగు మూల నుంచి కారుతోంది. రోజుకి అరగ్లాసు. మొదట స్టాండు చెక్క ఉబ్బితే గాలిలో తేమ అనుకున్నాను. ట్రాలీ మీద జరిపిన ట్యాంకే. సందు అన్నా, మీరు చెప్పినప్పుడు వినాల్సింది. కారే చోట పైన సిలికాన్ పూస్తే సరిపోతుందా?

కొళత్తూరు సందు · మే 21, ఉదయం 6:20

సరిపోదు తమ్ముడూ. పాత సిలికాన్ మీద కొత్తది పట్టదు. ట్యాంకు ఖాళీ చేసి, లోపలి వైపు అతుకు మొత్తం బ్లేడుతో గీకి, అద్దాన్ని స్పిరిట్‌తో తుడిచి, నాలుగు మూలలూ కొత్తగా వేయాలి. బాత్రూమ్‌లకి వాడే, బూజు పట్టకుండా మందు కలిపిన సిలికాన్ వద్దు, అది చేపలకి విషం. అక్వేరియంకి వేరే ఉంటుంది. వారం ఆరనిచ్చి, నీళ్లు పోసి, ఒక రోజంతా బయట పెట్టి చూడు. గప్పీల్ని అప్పటిదాకా నా దగ్గర పెట్టుకుంటాను.

గులకరాయి · మే 28, సాయంత్రం 5:45

నేల అయింది. పన్నెండు రోజులన్నది ఇరవై అయ్యాయి. మెరుస్తోంది, చూడముచ్చటగా ఉంది. రేపు తొట్టి పెట్టేయొచ్చా?

రసమట్టం · మే 28, రాత్రి 8:10

ఆగండి. సిమెంటు గచ్చు మీద వేసిన టైల్స్‌కి కనీసం వారం ఇవ్వండి. మీ తొట్టి, నీళ్లు, స్టాండు కలిపి 330 కిలోలు, అదంతా నాలుగు ఇనుప కాళ్ల మీద ఉంటుంది. ఇళ్ల గదులకి ఐఎస్ 875 (కట్టడాలు మోయాల్సిన బరువుల భారత ప్రమాణం) ప్రకారం లెక్కేసేది చదరపు మీటరుకి 200 కిలోల వంతున. శ్లాబ్ మొత్తం కలిసి మోస్తుంది కాబట్టి నాలుగడుగుల తొట్టికి మామూలుగా భయం లేదు, కానీ గది నడిమధ్యలో కాకుండా గోడ వారగా, కింద దూలం ఉన్నవైపు పెట్టండి.

పెట్టబోయే చోట టైల్స్‌ని నాణెంతో తట్టి వినండి. డొల్ల శబ్దం వస్తే కింద గచ్చు నిండలేదన్నమాట. దాని మీద కాలు పడితే పగులుతుంది. కాళ్ల కింద మందపాటి ప్లైవుడ్ వేసి బరువు పరచండి. చివరగా స్టాండు మీద రసమట్టం పెట్టి రెండు దిక్కులా చూడండి. కొత్త నేలకి బాత్రూమ్ వైపో గుమ్మం వైపో కాస్త వాలు ఇస్తారు, కంటికి తెలియదు, నీళ్లు పోశాక అద్దం మీద తెలుస్తుంది.

గులకరాయి · మే 30, ఉదయం 10:30

తట్టి చూశాం. కుడివైపు వెనక కాలు పడే టైల్ డొల్లగా మోగింది! మేస్త్రి ముందు ఒప్పుకోలేదు. మామయ్యగారు చేతికర్రతో పక్క టైల్‌నీ దీన్నీ తట్టి వినిపించారు, అప్పుడు తీసి మళ్లీ వేశాడు.

గులకరాయి · జూన్ 8, రాత్రి 9:15

ఈ రోజుకి తొట్టి తన చోటికి వచ్చింది. నిన్న చేపలు లేకుండా నింపి 24 గంటలు ఉంచాం. మూలల కింద న్యూస్‌పేపర్ పెట్టాం, ఎక్కడా తడి లేదు. ఆ నీళ్లు తీసేసి, టబ్బుల నీళ్లు సగం, నిలవ నీళ్లు సగం పోశాం. జాడించిన రాళ్లు పలుచగా పరిచాం. కానిస్టర్ ఎక్కించి, స్పాంజిలు రెండూ కూడా లోపలే వేశాను, ఇంకో నెల ఉంచుతాను. నీళ్ల వేడి, పీహెచ్ రెండుచోట్లా ఒకటే అయ్యాక, పైనుంచి థర్మకోల్ పెట్టెల్లో దించాం. పెట్టెల్లోకి అరగంటసేపు తొట్టి నీళ్లు గ్లాసుతో కలుపుతూ, ఆ తర్వాత వదిలాం.

సక్కర్ నేరుగా దుంగ కిందికి వెళ్లిపోయింది. పెద్ద గోల్డ్‌ఫిష్‌లు రెండూ అద్దం వెంట నాలుగుసార్లు తిరిగి, మామయ్యగారి కుర్చీ ఉన్న మూలకి వచ్చి నిలబడ్డాయి.

నీలిరెక్క · జూన్ 8, రాత్రి 9:32

చాలా సంతోషం. రెండు వారాలు అమోనియా, నైట్రైట్ రెండూ చూస్తూ ఉండండి. నైట్రైట్ ఆలస్యంగా కనిపిస్తుంది.

గులకరాయి · జూన్ 15, ఉదయం 7:10

వారం అయింది. అమోనియా సున్నా. నైట్రైట్ మూడో రోజు 0.25 కనిపించింది, 30 శాతం మార్చాను, ఇప్పుడు సున్నా. సందు అన్నా, మీ బ్యాటరీ పంపులు ఆదివారం తెచ్చిస్తాం, మామయ్యగారు కూడా వస్తానంటున్నారు. చిన్న గోల్డ్‌ఫిష్ ఒకటి చూడాలట, నారింజ రంగుది.